సంచి నడుస్తుందా, పెద్దబాపు?

ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. నర్సు ఉద్యోగంలో చేరినప్పుడు నేను సర్జరీ వార్డు కావాలని అడిగి మరీ తీసుకున్నాను. పిల్లకు ధైర్యం ఎక్కువని అందరూ అనుకున్నారు. ఆపరేషన్ అయినవాళ్ళు మత్తులో పడుకుని ఉంటారు, వాళ్ళతో మాట్లాడే పని అంతగా ఉండదు అని నా లెక్క.

ఇలాంటి జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాస్తే అందంగా ఉంటుంది. నా జుట్టు ఇంకా నెరవలేదు. కానీ వార్డు వదిలి కోరుట్లలో నర్సింగ్ చదివే మీకు పాఠాలు చెప్పే పనిలోకి వచ్చాను కాబట్టి, ఆ ఉద్యోగం వరకు నేను రిటైరైనట్టే. మీలో జవాబు తెలిసినా చెయ్యెత్తకుండా వెనక బెంచీలో కూర్చునేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళను నేను చూడనట్టు నటిస్తుంటాను. ఇది ముఖ్యంగా వాళ్ళకోసం రాస్తున్నాను.

అప్పట్లో రోజూ కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో వెళ్ళేదాన్ని. బ్యాగులో టిఫిన్ డబ్బా కింద ఒక కథల పుస్తకం ఉండేది. దానికి పాత పేపరు అట్ట వేసి, ఎవరైనా అడిగితే పరీక్షల పుస్తకమని చెప్పేదాన్ని. తిరుగు బస్సులో డైరీ రాసుకునేదాన్ని. పగలంతా నోటితో అనలేని మాటలు అందులో బాగానే పడేవి.

మా ఇన్‌ఛార్జి సిస్టర్ స్వభావంలో నాకు పూర్తిగా వ్యతిరేకం. ఆమె మందుల గదిలో మాట్లాడితే బయట మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేది. "నువ్వు మాట్లాడింది నీకన్న ఇనవడుతదానే?" అని నన్ను రోజుకొకసారైనా అడిగేది. కోపంతో కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగేదనుకుంటాను.

మా సర్జన్ సార్ పేగు క్యాన్సర్ ఆపరేషన్లలో చెయ్యి తిరిగినవారు. పెద్దపేగు చివర, మలద్వారానికి కాస్త పైన గడ్డ వస్తే ఆ ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలను కలిపి కుడతారు. ఆ కలిపిన చోటును సార్ 'అతుకు' అనేవారు. అతుకు గట్టిపడేదాకా దానిమీదుగా మలం పోకుండా, చిన్నపేగును పొట్ట మీద ఒకచోట బయటికి తెచ్చి దానికి సంచి తగిలిస్తారు. కొన్ని నెలల తర్వాత ఆ పేగును మళ్ళీ లోపలికి పంపి మూసేస్తారు. మీరు పుస్తకంలో చదివేదే ఇది.

ఆపరేషన్ తర్వాత మా పనంతా రాబోయే కష్టాలకు అడ్డం పడటమే. ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా, గాలి పీలిస్తే లోపలి బంతులు పైకి లేచే బంతుల గొట్టం పీల్పించాలి. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా తొందరగా లేపి నడిపించాలి. జ్వరం, నాడి, కడుపు నొప్పి చూస్తూ ఉండాలి, ఎందుకంటే అతుకు వదిలితే ముందుగా చెప్పేవి అవే. అందరం అతుకు గురించే భయపడేవాళ్ళం. సార్ మాత్రం ఇంకొక భయం కూడా పెట్టుకున్నారు. చిన్నపేగుకు పెట్టిన సంచిలోంచి నీళ్ళూ ఉప్పూ పోతూనే ఉంటాయి. పోయినంత లోపలికి వెళ్ళకపోతే మనిషి ఎండిపోతాడు, కిడ్నీలు దెబ్బతింటాయి. "అతుకు ఊడితే మనిషి కేకలు పెడతాడు. ఎండిపోయేవాడు చప్పుడు చెయ్యడు" అనేవారు.

అట్లా చప్పుడు చెయ్యకుండా ఎండిపోయిన ఒకామెను ఇబ్రహీంపట్నం నుంచి ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. తెచ్చేసరికి ఆలస్యమైంది. ఆ తర్వాతే సార్ ఒక పద్ధతి పెట్టారు. సంచితో ఇంటికి పోయిన ప్రతి మనిషికీ వార్డు నుంచి ఫోన్ వెళ్ళాలి. ఎవరు చెయ్యాలి అన్న ప్రశ్న రాగానే ఇన్‌ఛార్జి సిస్టర్ నా వైపు చూపించింది.

"గీ పిల్ల జేస్తది సార్. పని కాంగనే మూలకు కూసోని పుస్తకం జదువుతది. ఫోన్ల మొకం కనవడది గదా, సిగ్గు గూడ ఉండది."

ఫోన్‌లో ముఖం కనపడకపోతే సిగ్గు ఉండదని అనుకునేవాళ్ళకు సిగ్గు గురించి ఏమీ తెలియదు. ప్రతి ఫోన్‌కు ముందు దుప్పట్ల గదిలోకి పోయి అడగాల్సిన మాటలు బయటికి అనుకుని వచ్చేదాన్ని.

సిరిసిల్ల పెద్దాయన ఆ రోజుల్లోనే మా దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. బట్ట నేసే పని. కూతురు జగిత్యాలలో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆపరేషన్ చేయించుకున్నాడు. సార్ బొమ్మ గీసి అతుకు గురించి చెప్తే, మా వార్డులో ఎవరికీ అర్థం కానంత తొందరగా ఆయనకు అర్థమైంది.

"పాత పోగు కొసకు కొత్త పోగు అతికినట్టే గద సారు. అతికినంక మెల్లగ ఆడియ్యాలె. గుంజితే పుటుక్కుమంటది."

"కరెక్ట్" అన్నారు సార్, చాలా సంతోషంగా.

పెద్దాయన అన్నీ చెప్పినట్టు చేశాడు. మర్నాడే లేచి నడిచాడు. బంతుల గొట్టాన్ని పక్క మంచం అతనితో పందెం వేసుకుని పీల్చాడు. జ్వరం లేదు, నొప్పి లేదు, అతుకు గట్టిగా ఉంది. సంచి ఖాళీ చెయ్యడం భార్యకూ ఆయనకూ నేనే నేర్పాను. ఆమె బీడీలు చుట్టేది, చేతివేళ్ళు చురుకు. నా కంటే తొందరగా సంచి మార్చడం నేర్చుకుంది. నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు చక్కెర కలిపిన పొడి ప్యాకెట్లు రోజూ నీళ్ళలో కలుపుకుని తాగాలి, కొన్నాళ్ళు పనికి పోవద్దు అని చెప్పి పంపించాం. ఇద్దరూ తలూపారు. ఆ తలూపును నేను నమ్మాను.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి.

"ఎట్లున్నవ్ పెద్దబాపు?"

"మంచిగున్న బిడ్డ."

"నొప్పి, జ్వరం ఏమన్న?"

"ఏం లెవ్వు. మంచిగున్న."

"నీళ్ళు తాగుతున్నవా?"

"ఆఁ, అన్ని మంచిగనే."

ప్రతిసారీ ఇదే. మన దగ్గర ఎట్లున్నవని అడిగితే మంచిగున్న అనడం మర్యాద. దారిలో కలిసినవాళ్ళకు ఇచ్చే జవాబే నాకూ ఇస్తున్నాడని అప్పుడు తోచలేదు. ఒక ఫోన్ సజావుగా అయిపోయిందన్న సంతోషమే ఎక్కువగా ఉండేది.

ఒక రోజు పొద్దున ఫోన్ చేస్తే అవతల పెద్ద చప్పుడు. రైలు పోతున్నట్టు ఉంది, కానీ అది పోవడం లేదు, అక్కడే ఉంది. సిరిసిల్లలో రైలేమిటి అనుకున్నాను. పెద్దాయన గొంతు ఆ చప్పుడులోంచి అరుస్తూ వచ్చింది. నేనూ అరవాల్సి వచ్చింది. మా వార్డు భాషలో సంచి నడవడం అంటే అందులోకి మలం సరిగ్గా రావడం. అదే అడిగాను.

"సంచి నడుస్తుందా పెద్దబాపు?"

"ఆఁ? ఏంది?"

"సంచి! సంచి ఎట్ల నడుస్తుంది?"

"ఓ, గదా! మస్తు నడుస్తుంది బిడ్డ. పొద్దుగాల షురువైతే ఆగుతనే లేదు!"

"ఆగుతలేదా?"

"ఆగుతలేదు! మస్తు స్పీడ్ మీదున్నది. మొన్నటిదాంక జర సతాయిచ్చింది గని, ఇయ్యాల పట్టపగ్గాలు లెవ్వు!"

సంచి ఆగకుండా నడిస్తే మనిషి ఎండిపోతాడు, ఇబ్రహీంపట్నం ఆమెకు జరిగింది అదే. నేను ఇంకేమీ అడగకుండా ఫోన్ పెట్టేసి ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి పరుగెత్తాను. నేను పరుగెత్తడం ఆమె అంతకుముందు చూసి ఉండదు. వెంటనే సార్‌కు చెప్పింది. "ఇప్పుడే పిలిపించండి" అన్నారు సార్. జగిత్యాలలో ఉన్న కూతురికి ఫోన్ చేశాను. కూతురు తండ్రికి చేసి ఏమని బెదిరించిందో తెలియదు, మధ్యాహ్నం దాటేసరికి పెద్దాయన, భార్య బస్సు దిగి వచ్చారు. కూతురు కూడా వచ్చింది.

పెద్దాయన మండిపడుతూ వచ్చాడు. చొక్కా మీద దూది పోగులు అంటుకుని ఉన్నాయి. సార్ ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి చొక్కా పైకెత్తారు. సంచి అడుగున కాస్త తడి తప్ప ఏమీ లేదు. ఖాళీ. కడుపు ఒత్తి చూశారు. మెత్తగా ఉంది, ఉబ్బరం లేదు, నొప్పి లేదు.

"ఆగకుండ నడుస్తుందన్నవంట?"

"ఎవలన్నరు సారు? సంచిల సుక్క లేదు, నువ్వే జూస్తున్నవ్ గదా!"

"ఈ సిస్టర్‌కు చెప్పినవంట పొద్దున."

పెద్దాయన నా వైపు తిరిగాడు. కాసేపు ఆలోచించాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు.

"ఓ బిడ్డా! నేను జెప్పింది సాంచ ముచ్చట! సాంచ! సంచి గాదు!"

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. నాకు తెలియదు. మాది పసుపు తవ్వే, కూలికి పోయే ఇల్లు, మగ్గాల ఊరు కాదు. ఆ చప్పుడులో నేను సంచి అంటే ఆయనకు సాంచ అని వినపడింది. కొత్తగా బాగుచేయించిన సాంచ ఎంత బాగా నడుస్తోందో ఆస్పత్రి పిల్ల కూడా అడుగుతున్నదని సంతోషపడి చెప్పాడు.

గది గదంతా నవ్వింది. ఎన్నడూ నవ్వని సార్ బల్ల పట్టుకుని నవ్వారు. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌ఛార్జి సిస్టర్ నవ్వు మెట్ల దాకా పోయింది.

"సంచికి సాంచకు తేడా తెల్వక పెద్దమనిషిని సిరిసిల్ల నుంచి ఉరికిచ్చినవ్ గదనే! నయ్యం, అంబులెన్స్ తోలలే!"

"నాకు ఇయ్యాల కూలి పాయె" అన్నాడు పెద్దాయన. కోపంగా అనబోయి ఆయనా నవ్వాడు.

నాకు చెవులు కాలిపోతున్నాయి. అలాంటప్పుడు నేను ఎప్పుడూ చేసే పనే చేశాను, తల వంచుకుని నేల చూశాను. నేల మీద పెద్దాయన పాదాలు ఉన్నాయి. కుడికాలి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, మెలిపడి ఉన్నాయి. ఎడమ మడమతో ఆయన వాటిని అదిమి పట్టి సాగదీస్తున్నాడు. పైన నవ్వుతూనే ఉన్నాడు, కింద కాలు కొంకర్లు పోతోంది. తలెత్తి ముఖం చూశాను. నవ్వుతుంటే నాలుక కనపడింది, ఎండి తెల్లగా ఉంది. పెదవి పంటికి అతుక్కుని విడుతోంది.

సార్ అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి లేచారు. "ఏం లేదు, ఇంటికి పోవచ్చు. పనికి మాత్రం పోవద్దన్న గదా" అంటున్నారు.

"సార్, సంచి ఖాళీగా ఉంది" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. నవ్వు ఇంకా సాగుతోంది. ఒకసారి పరువు పోయిన తర్వాత ఇంకొకసారి నోరు తెరవడం ఎంత బరువో వెనక బెంచీ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అంతా నిజంగా బాగానే ఉంటే ఈసారి నన్ను చూసి నవ్వడానికి కూడా ఎవరికీ మనసు రాదు. ఆ క్షణంలో నేను అనుకున్నది రోగి గురించి కాదు, ఇదే. అయినా ఆ వేళ్ళు ఇంకా మెలిపడే ఉన్నాయి.

"సార్! సంచి ఖాళీగ ఉండద్దు సార్! అది నడవాలె!"

అరిచాననుకుంటాను. ఇన్‌ఛార్జి సిస్టర్ నవ్వు ఆపి నా వైపు చూసింది. సార్ తువ్వాలు చేతిలో పట్టుకుని ఆగిపోయారు. తర్వాత వెనక్కి వచ్చి, "నాలుక చూపెట్టు" అన్నారు.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"పొద్దుగాల్నుంచి ఏం తాగినవ్?"

"చాయ్ తాగిన సారు."

"నీళ్ళు?"

పెద్దాయన బదులు భార్య చెప్పింది, కొంచెం గర్వంగానే. "నీళ్ళెట్లిస్తం సారు? పచ్చి కడుపాయె. కుట్లు చీము వట్టయా? ఉప్పు గూడ బంద్ వెట్టిన. పత్తెం గట్టిగ జేపిస్తున్న, అడుగుండ్రి."

"మరి మేమిచ్చిన ప్యాకెట్లు?"

"గవి గూడ నీళ్ళే గద సారు. అల్మారల వెట్టిన, పదిలంగున్నయి."

సార్ పెద్దాయన వైపు తిరిగారు. "నువ్వన్నా అడగలేదా నీళ్ళు?"

ఆయన చొక్కా కిందికి లాక్కున్నాడు. "కార్ఖానల పదిమంది ముంగట సంచి ఖాళీ జేసుడెట్ల సారు? నీళ్ళు తాగకపోతే నిండది. నిండకపోతే మంచిదే గదా అనుకున్న."

భార్య పత్తెం, భర్త సిగ్గు. ఒకరికి తెలియకుండా ఒకరు అదే పని చేశారు. దానికి తోడు రేకుల షెడ్డులో సాంచల మధ్య చెమట. ఒంటికి పోతే మూత్రం కడక్ చాయ్ రంగు ఉంటున్నదని అడిగితే చెప్పాడు. రక్తం తీసి పంపించాం. కిడ్నీల లెక్క పెరిగి ఉంది. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే ఉంటే ఏమయ్యేదో సార్ మాకు చెప్పలేదు, అందరికీ తెలుసు.

"అడ్మిట్ అవ్వాలె" అన్నారు.

"అయ్యేటట్టు లేదు సారు. ఆసామి నాలుగు సాంచలు నాకోసం ఆపి పెట్టిండు. రేపు పోకపోతే వేరేటోనికి ఇస్తడు. ఇస్తె మళ్ళ రావు. నేను మంచిగనే ఉన్న."

అని బల్ల మీంచి దిగి నిలబడ్డాడు. నిలబడ్డవాడు అట్లాగే పక్కకు వాలాడు. ఇన్‌ఛార్జి సిస్టర్ ఒక భుజం, నేను ఒక భుజం పట్టుకున్నాం. మళ్ళీ కళ్ళు తెరిచాక ఆయన సాంచల మాట ఎత్తలేదు. సెలైన్ ఎక్కించుకుంటూ పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

ఆయనకు మూత్రం తేటగా రావడం మొదలయ్యేసరికి అందరం ఊపిరి పీల్చుకున్నాం. భార్య మాత్రం లోపలికి రాలేదు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉండేది. నేను పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో దుప్పట్ల గదిలో అనుకుని రాలేదు.

"ఆయినను నేనే సంపుకుంటుంటినా బిడ్డ?" అంది.

"లేదమ్మా. పత్తెం మంచిదే. ఆపకు."

ఆమె అనుమానంగా చూసింది.

"గంజి పత్తెమే గదా?" అన్నాను.

"గంజి పత్తెమే. బాలింతలకు గూడ పోస్తం."

"గంజిల ఉప్పు ఎయ్యి. పొద్దుగాల ఒక చెంబు, పగటీలి ఒక చెంబు, సాయంత్రం ఒకటి. ఆ ప్యాకెట్ పొడి మందు అనుకో, నీళ్ళనుకోకు. మందు ఎన్ని నీళ్ళల్ల కలుపుమన్నరో అన్నిట్ల కలపాలె, తగ్గియ్యద్దు."

"మందా? గట్ల జెప్తే మొదలే తాపుదును గదనే. మీరు నీళ్ళు నీళ్ళు అంటిరి."

నిజమే. మేము నీళ్ళు నీళ్ళు అన్నాం.

ఆసామి అన్నంత పనీ చేశాడు. ఆ నాలుగు సాంచలూ వేరేవాళ్ళకు పోయాయి. పెద్దాయన ఇంటికి పోయాక నేను చేసిన మొదటి ఫోన్‌లో అదే చెప్పాడు, చాలాసేపు. నేను వింటూ ఉన్నాను. నాకు వినడం వచ్చు. ఆ తర్వాత నుంచి ఎవరినీ ఎట్లున్నవని అడగడం మానేశాను. పొద్దున లేచాక ఏమేం తాగినవ్, సంచి ఎప్పుడు ఖాళీ చేసినవ్, చిక్కగుందా పలుచగుందా, ఒంటికి ఏ రంగుల వస్తుంది, కాళ్ళు గుంజుతున్నయా అని అడిగేదాన్ని. వీటికి మర్యాద జవాబు ఉండదు. నిజం జవాబే ఉంటుంది.

ఇంకొకటి కూడా మార్చాను. సంచిని వాళ్ళింట్లో ఏమంటున్నారో ముందే అడిగి ఆ మాటే వాడేదాన్ని. కొందరు కవర్ అనేవాళ్ళు, కొందరు తిత్తి అనేవాళ్ళు. పెగడపల్లి నుంచి వచ్చిన ఒకామె చంటిది అనేది. "చంటిది పండనియ్యలేదు సిస్టర్" అంటే రాత్రంతా సంచి ఆగకుండా నడిచిందని, నేను వెంటనే మందు సంగతి సార్‌ను అడిగేదాన్ని. పుస్తకంలో ఉన్న మాట మీరు పరీక్షలో రాయండి. ఫోన్‌లో మాత్రం వాళ్ళ మాట తెలుసుకుని మాట్లాడండి.

పని చేసుకోవచ్చని సార్ చెప్పాక పెద్దాయనకు వేరే కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పని దొరికింది. కూర్చుని చేసేదే. ఈసారి మొదటి రోజే తోటివాళ్ళకు చొక్కా ఎత్తి సంచి చూపించేశాడట. "దాపెట్టుకుంట ఎన్నొద్దులు ఎండుతం బిడ్డ?" అన్నాడు. వాళ్ళు ఊరుకుంటారా? అక్కడి ఆసామికి షెడ్డు నిండా సాంచలు, ఈయనకు పొట్ట మీద ఒకటి, కరెంటు లేకున్నా నడుస్తది అని వేళాకోళం మొదలుపెట్టారు. చెప్తూ ఆయనే ముందు నవ్వాడు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్తే ఆమె ఈ ముక్కను ఆస్పత్రి మొత్తానికి వినిపించింది. అందులో నా పేరు కలపకుండా చెప్పడం ఆమెకు సాధ్యం కాలేదు.

కొన్ని నెలలకు కిడ్నీలు, అతుకు రెండూ బాగున్నాయని చూసుకుని సార్ పేగును లోపలికి పంపి మూసేశారు. మూసిన తర్వాత కూడా కొన్నాళ్ళు కష్టమే. మాటిమాటికీ బాత్రూంకు పోవాల్సి వస్తుంది, ఆపుకోవడం రాదు, మనిషి విసిగిపోతాడు. కాబట్టి నా ఫోన్లు సాగాయి. మెల్లమెల్లగా ఆయన జవాబులు పొట్టివయ్యాయి, విసుగు తగ్గింది. ఒక్కోసారి భార్య ఎత్తి, గంజి తాపిన సంగతి నేను అడగకముందే చెప్పేది.

చివరిసారి నేను చేసినప్పుడు పగటిపూట. అవతల చప్పుడు చాలా ఉంది. తాగింది, తిన్నది, బాత్రూంకు పోయింది, కాళ్ళు గుంజనిది అన్నీ తనంతట తనే గబగబా చెప్పేశాడు. నేను ఇంకేదో అడగబోయాను. అప్పుడు పెద్దాయన అన్నాడు:

"ఇగ నాకు ఫోన్ జెయ్యకు బిడ్డ, పనిల ఉన్న. ఇంకెవలో నీ ఫోన్ కోసం ఎదురు జూస్తుంటరు, గాళ్ళకు జెయ్యి."